స్వరాల కొనుగోలు

వయొలిన్ వంటి వాద్యం పలికే ఒక్కొక్క స్వరాన్ని మెల్లగాను, బిగ్గరగాను వాయింపజేసి, రికార్డు చేసి, కంప్యూటరుకు తగిలించిన మీటలకు జతచేసిన సంకలనమే శాంపిల్ లైబ్రరీ. 1963లో ఇంగ్లండులో వెలువడిన మెలోట్రాన్ దీనికి పూర్వరూపం. దానిలో ఒక్కొక్క మీటకు ఒక్కొక్క టేపు, సుమారు 8 సెకన్ల నాదం ఉండేవి.

కొనేవారు చూడవలసినది ప్రకటించిన వెల ఒక్కటే కాదు. కొన్ని లైబ్రరీలకు పూర్తి కాంటాక్ట్ సాఫ్ట్‌వేరు అవసరం. ఉచిత ప్లేయరులో అవి 15 నిమిషాలకే మూగవోతాయి. పాత హార్మోనియమైనా తిరిగి అమ్ముకోవచ్చు గాని, పెక్కు లైబ్రరీల విషయంలో ఆ వీలు లేదు. లభించేది వస్తువు కాదు, వాడుకొనే అనుమతి. అందుచేత చేతిలో సొమ్ము తక్కువైన సంగీతకర్త ముందుగా ఉచితమైన వి.ఎస్.సి.ఓ. 2 కమ్యూనిటీ ఎడిషన్‌తో ఒక పాట పూర్తిచేసి, ఏ వాద్యం లోటు చెవికి తెలుస్తుందో దానినే కొనడం మేలు. నవంబరు చివర చాలా సంస్థలు ధరలు తగ్గిస్తాయి.