ఉప్పెన పోయిన పిమ్మట పొలము

1977 సంవత్సరము నవంబరు 19వ తేది శనివారమునాడు బంగాళాఖాతపు తుపాను చీరాల సమీపమున తీరము దాటెను. అయినను ఎక్కువ ప్రాణనష్టము కలిగినది చీరాలయందు గాదు. దానికి ఈశాన్యమున, కృష్ణానది రెండు పాయల నడుమనున్న దివిసీమయందు. తీరవాసులగు రైతులు ఈ సంగతిని మఱవరాదు. మన ప్రాంతమున తుపానుగాలి గడియారపు ముల్లునకు ఎదురుదిక్కుగా తిరుగును. కావున తీరమునకు వచ్చు తుపానునకు కుడిప్రక్కనున్న గాలి సముద్రమును నేలమీదికి త్రోయును. ఎడమప్రక్కగాలి నేలనుండి సముద్రమువైపునకు వీచును. తుపాను ఎచ్చట తీరము దాటునో ఆ యూరి పేరు మాత్రము విని, మాకు దూరమేకదా యని యూరకుండుట ప్రమాదకరము.

దివిసీమకడ సముద్రము లోతు తక్కువ, నేల పల్లము. నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి, 10 కిలోమీటర్లకు మించి లోపలికి చొచ్చెను. మృతులు తక్కువ లెక్కలనుబట్టియే పదివేలకు దగ్గఱగా నుండిరి. బ్రదికినవారిలో పలువురు తాటిచెట్లను, ముండ్లతుప్పలను పట్టుకొని రాత్రి గడపిరి. కొందఱకు కొట్టుకొనిపోయిన యింటికప్పే తెప్పయయ్యెను. కోతకు వచ్చిన వరి, కోసి పనలుగా నున్న వరి, దొడ్లలోని పశువులు ఒక్కపూటలో పోయినవి. సొర్లగొంది మొదలగు గ్రామములలో కుటుంబములకు కుటుంబములే నశించెను. అప్పటి అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకటకృష్ణారావు గారు సహాయకార్యములందు చేసిన కృషిని ఆ సీమవారు నేటికిని తలచుకొందురు.

తరువాత పక్కా యిండ్లు, తుపాను రక్షణ భవనములు, తీరము వెంబడి సరుగుడు తోటలు వచ్చినవి. 1990 మే 9వ తేదిని మిక్కిలి బలమైన తుపాను మరల కృష్ణాజిల్లా తీరమునే తాకెను. అప్పుడు లక్షలకొలది జనమును ముందుగానే తరలించినందున మరణములు వేయికి లోబడియుండెను. హెచ్చరిక సకాలమున అంది, పోవుటకు చోటు గలిగినచో జనము బ్రదుకుదురని దీనివలన తేలినది. అయితే మా యభిప్రాయమున రక్షణ భవనము కట్టినంతమాత్రమున పని పూర్తికాదు. పాడిగేదెను గుంజకు విడిచి మేడ యెక్కుమనిన రైతు యెక్కడు. ఎక్కినను నడిరాత్రి దిగివచ్చును. భవనము ప్రక్కనే పశువులు నిలుచుటకు ఎత్తైన మట్టిదిబ్బ వేయింపవలెను. దీనికి గ్రామస్థుల శ్రమయే చాలవఱకు చాలును.

ఇక అప్పు సంగతి. పంట పోయినను సంఘపు లెక్కలో బాకీ పోదు. ఇట్టి సమయమున అల్పకాలిక ఋణమును మధ్యకాలిక ఋణముగా మార్చు పద్ధతి కలదు. దీనికి పూర్వము సగము పంట నష్టమని తేలవలసియుండెను. 2015 సంవత్సరమున దానిని 33 శాతమునకు తగ్గించిరి. ఇది మాఫీ కాదు, గడువు మాత్రమే. వడ్డీ నడచుచునే యుండును. అయినను గడువు దొరకినవాడు మరల విత్తనము కొనగలడు. దొరకనివాడు ఎవడనగా కౌలుదారు. చేను దున్నినవాడతడు, నష్టము పడినవాడతడు, కాగితము మాత్రము మఱియొకని పేర నుండును. ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము క్రిందను పత్రమునకు భూయజమాని సంతకము కావలసివచ్చెను. సంతకము పెట్టినచో భూమియే పోవునని భయపడిన యజమానులు పలువురు. ఈ భయమును పోగొట్టుటకు సంఘపు పెద్దలు తుపాను రాకముందే ఇంటింటికి పోవలెను. వచ్చిన పిమ్మట ఎవరును వినరు.

నీరు దిగినతోడనే దుక్కికి తొందరపడవలదు. సముద్రపునీటితో వచ్చిన ఉప్పు మంటిలో నిలిచియుండును. ముందుగా మురుగుకాలువల పూడిక తీసి నీరు పోవు దారి యేర్పఱుపవలెను. పోవు దారి లేనిచో ఎంత మంచినీరు పెట్టినను ఉప్పు అక్కడనే తిరుగుచుండును. పిమ్మట గట్లు బిగించి, మడులుగా చేసి, కాలువనీరు నిండ పెట్టి, కొన్నిదినములు నిలిపి వదలవలెను. ఇట్లు పలుమాఱులు చేయవలెను. ఆయకట్టు చివరి భూములకే ఈ నీరు ఎక్కువ కావలెను, వారికే అది అందఱికంటె వెనుక అందును. కావున వంతులు ముందుగా నిర్ణయించుకొనుట మేలు.

నల్లరేగడి భూములలో ఒక చిక్కు కలదు. ఉప్పు కడుగుకొనిపోయి సోడియము మాత్రము మంటిని పట్టియున్నచో, బంకమన్ను ఉబ్బి, నీరింకుట మానును; తెల్లచౌడు పోయి కారుచౌడు పట్టెనని పెద్దలు చెప్పునది ఇదియే. పరీక్షలో ఇట్టి లక్షణము కనబడినచో జిప్సము చల్లి కలియదున్ని, ఆ తరువాతనే నీరు పెట్టవలెను. మొదటి పైరుగా జీలుగ వేసి పూతదశలో దున్నిన మన్ను గుల్లబాఱును. జీలుగ చౌడును కొంతవఱకు సహించును. పిదప చౌడునకు ఓర్చు వరి రకమును, కొంత ముదురునారుతో, కుదురునకు రెండు మూడు మొక్కలు ఎక్కువగా నాటవలెను.

పరీక్షకు మన్ను తెచ్చువారు తెల్లగా పొరగట్టిన చోటిదియే తీయక, చేనిలో నాలుగైదు చోట్ల తీసి కలుపవలెను. పైమన్ను వేఱుగా, అడుగు లోతు మన్ను వేఱుగా సంచులలో గట్టి, సర్వే నంబరును, గడచిన పైరును చీటిమీద వ్రాసి లోపల నుంచవలెను. ఎరువుల సంచులలో తేవలదు.