మూగపోయిన స్పీకరు.. ముందు చూడాల్సింది బిగింపు

జైనూర్: బండి కన్నా ముందు బండి కేక ఊళ్లోకి వస్తుంది. ప్లాస్టిక్ బకెట్లా, దుప్పట్లా, కూరగాయలా.. వచ్చినవేమిటో గూడెం చివరి ఇంటికి కూడా తెలిసిపోతుంది. గంప నెత్తిన పెట్టుకుని గొంతు చించుకునే పని ఇప్పుడు మోటారు సైకిలుకు కట్టిన స్పీకరు చేస్తోంది. అది మూగపోతే ఆ రోజు బేరం పోయినట్టే.

అమెరికాలో దూర ప్రయాణాల పెద్ద మోటారు సైకిళ్లకు గాలి ఆపే ముందు తొడుగులోనే కంపెనీ వారు స్పీకర్లు అమర్చి ఇస్తారు. మన బండ్లకు ఆ వైభోగం ఎక్కడిది? ఇనుప పట్టీ, తాడు, సైకిలు ట్యూబు ముక్క.. ఇవే ఆధారం. గతుకుల రోడ్డు మీద ఆ అదురంతా స్పీకరుకే తగులుతుంది.

కూత ఆగిపోగానే కొత్తది కొనేస్తుంటారు. చాలాసార్లు పోయేది స్పీకరు కాదు, దాని వెనక ఊడిన వైరు. టార్చిలైటు సెల్లు ఒకటి తీసుకుని, రెండు వైర్లను స్పీకరు కొనలకు క్షణం తాకించాలి. 'టక్' మంటే లోపలి తీగచుట్ట బతికే ఉంది. అనకపోతే తెగినట్టు. పెట్టె స్పీకరైతే కాగితపు గిన్నెను వేళ్లతో మెల్లగా నొక్కినప్పుడు గరగరమంటే లోపల దుమ్ము చేరిందనో, చుట్ట మాడిందనో అర్థం.

మార్చక తప్పనప్పుడు మొదట విప్పాల్సింది బ్యాటరీ మైనస్ వైరు. తర్వాతే స్పీకరు బోల్టులు. ఏ రంగు వైరు ఏ కొనకు ఉందో గుర్తు పెట్టుకోవాలి. రెండు స్పీకర్లున్న బండికి ఒకదాని ప్లస్, మైనస్ తారుమారైతే శబ్దం పలచబడుతుంది. వైరును మెలిపెట్టి వదిలేయకుండా టంకం వేయించాలి. పట్టీ కింద రబ్బరు వాషరు తప్పనిసరి. బిగించాక హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడాలి. స్పీకరు ట్యాంకుకు తగులుతున్నా, వైరు లాగుతున్నా మలుపులో ప్రాణం మీదకు వస్తుంది. బూర మూతి కాస్త కిందికి వంచితే వాన నీరు నిలవదు.

కొత్త స్పీకరు వెనక 4 లేక 8 ఓములని రాసి ఉంటుంది. పాతదానికి ఎంత ఉందో అంతే కొనాలి. 4 ఓముల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 2 ఓములే అవుతుంది. యాంప్లిఫయర్ వేడెక్కి మాడుతుంది. అట్టపెట్టె మీద వేసే వందల వాట్ల మాట మాత్రం నమ్మనక్కర లేదు.

అసలు భారం పడేది బ్యాటరీ మీద. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 40 వాట్లు లాగే యాంప్లిఫయర్‌కు మూడు ఆంపియర్ల పైచిలుకు కావాలి. చిన్న బండికి 2.5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటే, ఇంజను ఆపి పూర్తి శబ్దంతో వాయిస్తే ముప్పావు గంటలో ఖాళీ. దీపం బ్యాటరీ మీదే వెలిగే బండిలో ఆ సంగతి చీకటి పడ్డాక, ఏ కెరమెరి ఘాటు మలుపులోనో తెలుస్తుంది. బ్యాటరీ ప్లస్ వైరుకు దగ్గరలోనే ఫ్యూజు పెట్టించాలి. పోయిన ఫ్యూజు చోట రాగి తీగ చుడితే వైర్లు అంటుకుంటాయి.

ఇక చట్టం మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్ స్పీకరుకు అధికారుల లిఖిత అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వీధుల్లో వాడరాదు. ఇళ్ల మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్. బడికి, ఆస్పత్రికి నిశ్శబ్ద మండలంగా పెట్టిన 100 మీటర్ల లోపు బండి కేక వినపడకూడదు.