పాత ఒంటికి కొత్త బట్టలు

విక్టోరియా 4 పుట్టింది 2006 చివర్లో. అప్పటినుంచి ఆమె ఒక్క అంగుళం పెరగలేదు, వీసమెత్తు లావెక్కలేదు. అయినా ఇవాళ మార్కెట్లోకి వచ్చే కొత్త బట్టల్లో దాదాపు ఏదీ ఆమెకు పట్టదు.

ఆమె మనిషి కాదు, డిజిటల్ బొమ్మ. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న డాజ్ త్రీడీ అనే సంస్థ తయారుచేసింది. పుస్తకాల అట్టలు, కామిక్స్, కథలకు బొమ్మలు వేసేవాళ్లలో చాలామంది మనిషి ఆకారాన్ని మొదటినుంచి చెక్కుకుంటూ కూర్చోరు. ఇలాంటి రెడీమేడ్ ఫిగర్‌ను తెచ్చుకుంటారు. నిలబెట్టి, చేతులు కాళ్లు వంచి, బట్టలు తొడిగి, లైట్లు పెట్టి, కంప్యూటర్‌తోనే ఫొటో తీయిస్తారు. ఈ పనికి దారి వేసింది 1995లో వచ్చిన పోజర్ అనే సాఫ్ట్‌వేర్. చిత్రకారులు బల్ల మీద పెట్టుకునే కొయ్యబొమ్మకు కంప్యూటర్లో ఒక జోడీ కావాలని లారీ వైన్‌బర్గ్ దాన్ని రాశాడు. ఆ తర్వాత బొమ్మలకూ తరాలు వచ్చాయి. విక్టోరియా, ఆమెకు జోడీ మగబొమ్మ మైకేల్‌ల వరస విడి బొమ్మలుగా నాలుగో తరం దాకా నడిచింది. 2011లో జెనెసిస్ వచ్చింది, 2013లో జెనెసిస్ 2, 2015లో జెనెసిస్ 3. అక్కణ్నుంచి అంకె 2017లో ఏకంగా 8కి దూకింది, ఎందుకంటే ఆ తరం మీద తయారైన విక్టోరియాది ఎనిమిదో నంబరు. 2022లో జెనెసిస్ 9 దిగింది. తరం మారిన ప్రతిసారీ ఒళ్లు మారింది. ఒళ్లు మారితే బీరువా మొత్తం మారాలి.

కొత్త బొమ్మ కొనుక్కోవచ్చు కదా అంటే, అంత తేలిక కాదు. ఏళ్ల తరబడి ఒకే పాత్రతో కామిక్ నడుపుతున్నవాళ్లు మధ్యలో కథానాయిక ముఖం మార్చలేరు. పాత ఫిగర్ కోసం కొన్న చర్మాలు, జుట్లు, భంగిమలు కొత్తదానికి నేరుగా అతకవు. పోజర్ వాడేవాళ్ల ఇబ్బంది ఇంకోటి. జెనెసిస్ మొదటి రెండు తరాలను పోజర్లోకి తెచ్చుకోవడానికి డాజ్ సంస్థ ఒక వంతెన సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. మూడో తరానికి ఆ వంతెన లేదు. దాంతో పోజర్ లోకంలో చాలామంది విక్టోరియా 4 దగ్గరే ఆగిపోయారు. కొత్త కుట్టుపనేమో అంతా అటువైపు, జెనెసిస్ 8, 9ల మీద జరుగుతోంది. అటు వైపు నుంచి బట్టలు ఇటు తేవడమే వీళ్ల తపన.

చిక్కు కొలతల్లోనే ఉంటే సమస్యే లేదు. మౌస్‌తో లాగి సరిచేయొచ్చు. అసలు తిరకాసు ఏమిటంటే, ఈ లోకంలో ప్రతి చొక్కా లోపలా ఒక అస్థిపంజరం ఉంటుంది. 1999లో పోజర్ 4 ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. చొక్కాలోనూ భుజం, మోచేయి, నడుము అనే ఎముకలు ఉంటాయి, అవే పేర్లతో. బొమ్మ మోచేయి వంచితే చొక్కాలోని మోచేయీ వంగుతుంది. బట్ట ఒంటిమీద వేలాడదు, ఒంటితో పాటు నటిస్తుంది. మరి ఎముక కదిలినప్పుడు బట్టలో ఏ బిందువు ఎంత కదలాలి? పాత తరాల్లో కీలు చుట్టూ కనబడని గోళాలు గీసి, వాటి లోపలున్నదంతా ఇంతింత వంగాలని చెప్పేవారు. జెనెసిస్ నుంచి ఒక్కో బిందువుకూ విడిగా లెక్క రాసిపెట్టారు. దాన్నే వెయిట్ మ్యాప్ అంటారు. కాబట్టి కొత్త గౌనును పాత ఒంటికి తొడగాలంటే గౌను లోపలి ఎముకలు తీసేసి, పాత ఒంటి ఎముకలు ఎక్కించాలి. అది కుట్టుపని కాదు, శస్త్రచికిత్స.

డాజ్ సంస్థ సొంత సాఫ్ట్‌వేర్ డాజ్ స్టూడియోలో ఆటోఫిట్ అనే సదుపాయం ఉంది. దాని యుక్తి ముచ్చటైనది. జెనెసిస్ 8 గౌను జెనెసిస్ 2 అమ్మాయికి కావాలనుకుందాం. సాఫ్ట్‌వేర్ ముందు ఆ పాత అమ్మాయిని లోలోపల కొత్త అమ్మాయి ఆకారంలోకి మార్చుతుంది. అప్పుడు గౌను ఒంటికి సరిగ్గా అతుకుతుంది. గౌనులోని ప్రతి బిందువుకూ దగ్గరలో ఒంటి మీద ఏ బిందువు ఉందో చూసి, దాని లెక్కలన్నీ గౌనుకు ఎక్కిస్తుంది. ఆ తర్వాత ఒళ్లు తన పాత రూపానికి తిరిగొస్తుంది, గౌనూ వెంట వస్తుంది. ఇలా అరువు తెచ్చుకునే ఆకారాన్ని క్లోన్ అంటారు. పాత తరం బట్టలను కొత్త బొమ్మకు తొడిగే క్లోన్లు కొన్ని సాఫ్ట్‌వేర్‌తోనే వస్తాయి. వెనక్కి వెళ్లేవి ఎవరో ఒకరు విడిగా తయారుచేయాలి. సంస్థకు కొత్తది అమ్ముకోవాలని ఉంటుంది గాని పాతదానికి మెరుగులు దిద్దాలని ఎందుకుంటుంది!

క్లోన్ దొరికినా చేతులు అడ్డం పడతాయి. జెనెసిస్ 3 వరకూ బొమ్మలు చేతులు బార్లా చాపి పుట్టేవి. జెనెసిస్ 8 చేతులు ఏటవాలుగా కిందికి దించుకుని పుడుతుంది. ఆ తేడా అంతా చంక దగ్గర తేలుతుంది. గుడ్డ ముడుచుకుపోయి, నలిగి, ఒక్కోసారి ఒంట్లోకి దూరిపోతుంది. అనుభవజ్ఞులు ఇక్కడ ఆటోఫిట్‌ను నమ్మరు. బట్ట వేసుకున్న కొత్త బొమ్మ చేతులను ముందే పాత బొమ్మలా చాపించి, ఆ స్థితిలో బట్టను, ఆకారం మాత్రమే మిగిలే ఓబీజే ఫైలుగా బయటికి తీస్తారు. దాన్ని తెచ్చి పాత బొమ్మ ముందు పెట్టి ఎముకలు ఎక్కిస్తారు. అయితే ఓబీజే ఫైలుకు సెంటీమీటరో అడుగో తెలియదు. డాజ్ లెక్క సెంటీమీటర్లలో, పోజర్ లోపలి కొలమానంలో ఒక్క యూనిట్ రెండు మీటర్ల పైమాటే. స్కేలు చూసుకోకపోతే చొక్కా కొండంతై వాలుతుంది, లేదా చీమంతై ఎక్కడుందో కనబడదు.

పోజర్ వాళ్లకు 2013లో వచ్చిన ‘పోజర్ ప్రో 2014’ అనే వెర్షన్లో ఫిటింగ్ రూమ్ అనే సదుపాయం దొరికింది. అందులో క్లోన్ గొడవ లేదు. బట్టను ఒంటి మీదికి అంచెలంచెలుగా బిగించడం, వదులు చేయడం మనిషి చేతిలోనే ఉంటుంది. బాగుందనిపించాక ఒక బటన్ నొక్కితే ఎముకలు ఎక్కుతాయి. కాస్త ఓపిక కావాలి గాని, విక్టోరియా 4కు ఇదే మంచి దారి.

బిగుతు చొక్కాలు, ప్యాంట్లు ఈ పద్ధతుల్లో దాదాపు గట్టెక్కుతాయి. లంగాలే ఏడిపిస్తాయి. దగ్గరి బిందువు లెక్క కాబట్టి లంగాలో ఎడమ సగం ఎడమ కాలికి, కుడి సగం కుడి కాలికి అంటుకుంటుంది. బొమ్మ అడుగు వేయగానే లంగా నడిమికి చీలి పైజామా అయిపోతుంది. చీర సంగతి చెప్పనక్కర్లేదు. కుచ్చిళ్లు పొరమీద పొర. ఏ పొర ఒంటికి దగ్గరో తేల్చుకోలేక సాఫ్ట్‌వేర్ అన్నిటినీ కలిపి చదును చేస్తుంది. పైట భుజానిదా, చేతిదా, వీపుదా అన్నది దానికి ఎప్పటికీ తెలియదు. ఇలాంటివాటికి ఎముకల మాటే మరిచిపోయి, గుడ్డను గుడ్డలా వదిలేయడం మేలు. బరువుకు కిందికి జారే, ఒంటికి తగిలి ఆగే గుడ్డను లెక్కకట్టే సిమ్యులేషన్ పోజర్లో 2002 నుంచీ ఉంది. డాజ్ స్టూడియోలో 2017లో డీఫోర్స్ పేరుతో వచ్చింది. ఆ గుడ్డకు ఒళ్లు ఏ తరానిదైనా ఒకటే.

బొత్తాలకు మాత్రం వేరే మందు. ఛాతీ మీద గుడ్డ సాగినప్పుడు బొత్తం కూడా సాగి కోడిగుడ్డవుతుంది. దాన్ని విడదీసి, ఆకారం మారకుండా గుడ్డ వెంట నడిచే గట్టి వస్తువుగా కట్టాలి. చెప్పులదీ ఇంతే. మడమ ఎత్తు చెప్పును ఆటోఫిట్‌కు ఇస్తే మడమ మైనంలా కరుగుతుంది. పాదం ఎముకకు చెప్పును సామానులా తగిలించి, లోపలున్న వేళ్లను కనబడకుండా దాచేస్తారు. బూటు లోపల కాలు ఉందో లేదో చూసేదెవరు?

ఇంత చాకిరీ చేసి మార్చిన గౌనును స్నేహితులకు పంచిపెట్టే వీలు లేదు. బట్ట రూపం దాన్ని కుట్టినవాళ్ల సొత్తు. సొంతంగా వేసే చిత్రాల్లో వాడుకోవచ్చు, ఫైలు మాత్రం చేతులు మారకూడదు. అందుకే ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు మార్చిన బట్టలను అమ్మరు. ఎవరి బట్టలు వాళ్లే మార్చుకునే క్లోన్లను, కన్వర్టర్లను అమ్ముతారు.