పొగకొక పద్దు

ఆదోని మార్కెట్టులో ప్రత్తి కొనువాడు బోరెము అందమును చూడడు. గుప్పెడు దూదిని చేతిలోనికి తీసికొని, వ్రేళ్ల నడుమ మెల్లగా లాగి, పింజ పొడవెంతయో, బలమెంతయో చూచిన పిమ్మటనే ధర మాటాడును. ఎమ్మిగనూరు మగ్గపుబట్టను ఎరిగినవాడును అంతే. రంగునకు మురిసి ఊరకుండక, మడత విప్పి, తిరుగవేసి, నూలు చూచును. ఇంతటి పరీక్ష తెలిసిన సీమలో, కారు కొనవలసి వచ్చినపుడు మాత్రము మనము పైరంగును, అడిగిన ధరను చూచి తృప్తిపడుచున్నాము. ఉపాధ్యాయులు ఈ విషయమున కొంత నిదానించి ఆలోచించుట అవసరము. జీతములో పెద్దభాగము ఇందులో పోవును. కారు విడుచు పొగయో, మనము బోధించు పిల్లల ఊపిరిలోనికే పోవును.

ఆదోనిలో కాపురముండి ఎమ్మిగనూరులో పని చేయువారును, అక్కడ ఉండి ఇక్కడకు వచ్చువారును ఎందరో కలరు. ఆదోని గుంతకల్లు - రాయచూరు రైలుమార్గముపై ఉన్నది. ఎమ్మిగనూరునకు రైలు లేదు. కనుక రెండు ఊళ్లకును నడుమ రోడ్డే దిక్కు. దూరము సుమారు 30 కిలోమీటర్లు. కారు సంగతి తలపెట్టుటకు ముందు బస్సును తలచుట న్యాయము. బడిగంట వేళకు బస్సు సరిపడినచో దానిని మించిన చవుక ప్రయాణము లేదు. 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపబడుటచే ఉపాధ్యాయినులకు ఈ మాట మరింత వర్తించును. కాని బడి పెద్దరోడ్డు ప్రక్కనే ఉండవలెనని నియమము లేదు. బస్సు దిగిన తరువాత నాలుగైదు కిలోమీటర్లు నల్లరేగడిదారిలో పోవలసినవారికి సొంత వాహనము విలాసము కాదు.

ఇక లెక్క చూతము. విద్యార్థులు దీనిని తమ నోటుపుస్తకములలో వేసి చూడవచ్చును. రానుపోను 60 కిలోమీటర్లు. ప్రాథమికోన్నత తరగతులకు విద్యాహక్కు చట్టము చెప్పిన పనిదినములు 220. అనగా సంవత్సరమునకు 13,200 కిలోమీటర్లు. లీటరునకు 20 కిలోమీటర్లు నడచు చిన్నకారు 660 లీటర్లు త్రాగును. లీటరు 110 రూపాయలని లెక్కించినచో 72,600 రూపాయలు. లీటరునకు 12 కిలోమీటర్లు మాత్రమే నడచు పాతబండి 1,100 లీటర్లు త్రాగును. ఖర్చు 1,21,000 రూపాయలు. తేడా 48,400. ఐదేండ్లలో అది 2,42,000 రూపాయలగును. చవుకగా దొరకినదని లక్ష రూపాయలు తగ్గించి కొన్నబండి, ఆ లక్షను మూడవ సంవత్సరము నిండకముందే పెట్రోలుబంకులో కట్టించును.

ఈ పద్దు ప్రక్కన మరొక పద్దు కలదు. దానిని మనము సాధారణముగా వ్రాయము. ఒక లీటరు పెట్రోలు కాలినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. మొదటి బండి సంవత్సరమునకు 1,518 కిలోలు విడువగా, రెండవది 2,530 కిలోలు విడుచును. ఇది కంటికి కనబడని భాగము. ముక్కునకు తగులు విషవాయువుల సంగతి వేరు. ప్రభుత్వపు ఉద్గార నియమములు ప్రధానముగా వానిని గూర్చినవే.

పొగ నియమములు బీదవాని కారునకు శత్రువులని కొందరి భావము. చరిత్ర చూచినచో ఈ మాటలో సగము నిజము లేకపోలేదు. 1958 మొదలు ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు, వెడల్పాటి సీట్లతో, ఎత్తైన కప్పుతో, ఇంటి పెద్దవలె అందరకును చోటిచ్చెను. ఫియట్ పేరుతో వచ్చి పిదప ప్రీమియర్ పద్మినిగా మారిన బండికి గేరుకడ్డీ స్టీరింగు ప్రక్కననే ఉండెడిది. దానిని నడుపుట ఒక వాద్యమును నేర్చుట వంటిది. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800, 796 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజనుతో, మధ్యతరగతి ఇంటి ముంగిటికి కారును తెచ్చెను. 2009లో లక్ష రూపాయల కారని పేరుపొందిన టాటా నానో 624 ఘనసెంటీమీటర్ల ఇంజనును వెనుకభాగమున మోసికొని వచ్చెను. ఈ నాలుగింటికిని ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్వభావము కలదు. నాలుగును నేడు తయారగుట లేదు. 2010లో హైదరాబాదు, బెంగుళూరు మొదలైన 13 నగరములలో భారత్ స్టేజి నాలుగు నియమము వచ్చినపుడు మారుతి 800 ఆ నగరముల మార్కెట్టునుండి తప్పుకొనెను. 2014 జనవరిలో దాని తయారీయే ఆగెను. నానో 2018లో ఆగెను; 2020 నాటి ఆరవ స్టేజికి దానిని మార్చలేదు.

కాని మిగిలిన సగము నిజమును కూడ చెప్పవలెను. మారుతి 800 పోయినను, అదే 796 ఘనసెంటీమీటర్ల పరిమాణముగల ఇంజను ఆల్టోలో కొనసాగెను. 2019లోనే అది ఆరవ స్టేజికి అనుగుణముగా దిద్దబడి, 2023 వరకు అమ్మబడెను. చిన్న ఇంజను శుభ్రముగా నడువదనుట అబద్ధమని దీనివలన తేలుచున్నది. నియమము చంపినది చిన్నతనమును కాదు. దిద్దుబాటునకు నోచుకొనని పాతతనమును.

ఈ స్టేజీల క్రమమును తెలిసికొనుట కొనుగోలుదారునకు అవసరము. సీసము లేని పెట్రోలు దేశమంతట 2000 ఫిబ్రవరిలో వచ్చెను. అదే సంవత్సరము ఏప్రిలులో మొదటి స్టేజి, 2005లో రెండవది, 2010లో మూడవది, 2017 ఏప్రిలులో నాల్గవది దేశవ్యాప్తమయ్యెను. ఐదవదానిని దాటివేసి 2020 ఏప్రిల్ 1 నుండి ఆరవ స్టేజిని ప్రవేశపెట్టిరి. పెట్రోలు కారు కిలోమీటరునకు విడువదగిన నత్రజని ఆక్సైడులు నాల్గవ స్టేజిలో 80 మిల్లీగ్రాములు, ఆరవదానిలో 60. డీసెలుకారునకు 250 నుండి 80కి తగ్గించిరి. ఇంధనములోని గంధకమును పదిలక్షల పాళ్లలో 50 నుండి 10 పాళ్లకు దించిరి.

ఇందులో మన ప్రాంతమువారు ప్రత్యేకముగా గమనింపవలసిన మెలిక ఒకటి కలదు. 2010 - 2017 నడుమ హైదరాబాదు, బెంగుళూరు నగరములలో నాల్గవ స్టేజి తప్పనిసరి. ఆదోని, ఎమ్మిగనూరులలో మూడవ స్టేజి చాలును. కాబట్టి ఒకే సంవత్సరమున ఒకే పేరుతో వచ్చిన రెండు కార్లు పొగవిషయమున వేరువేరుగా ఉండవచ్చును. పాతకారు కొనువారు సంవత్సరమును మాత్రమే అడిగి ఊరకుండరాదు, ఆర్.సి.లో ఏ స్టేజి అని వ్రాసి ఉన్నదో చదువవలెను. నాల్గవ, ఆరవ స్టేజిల బండ్లకు కాలుష్య ధ్రువపత్రము సంవత్సరమునకు ఒకసారి చాలును. అంతకు పూర్వపు వానికి ఆరునెలలకొకసారి కావలెను.

బళ్లారి, రాయచూరు మనకు పొరుగూళ్లు. 1953 అక్టోబరునకు ముందు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. బంధుత్వములు నేటికిని తెగలేదు, బేరములును తెగలేదు. కర్ణాటక నంబరుగల కారు చవుకగా కనబడుట సహజము. కాని రాష్ట్రము మారిన బండిని 12 నెలలకు మించి ఇచ్చట ఉంచుకొన్నచో మరల రిజిస్టరు చేయింపవలెను. దానికి అక్కడి కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను. ఇచ్చటి పన్ను కట్టవలెను. ఈ ఖర్చులను బేరమునకు ముందే ధరలో కలిపి చూచినవాడు మోసపోడు. పదునైదేండ్లు నిండిన సొంతకారునకు రిజిస్ట్రేషను ఐదేండ్లకొకసారి పొడిగింపవలెను. 2022 ఏప్రిలు నుండి ఆ రుసుము 600 రూపాయలనుండి 5,000 రూపాయలయ్యెను. హరిత పన్ను దానికి అదనము. అందుచేత పండ్రెండేండ్ల కారును కొనువాడు కారును మాత్రమే కాదు, మూడేండ్లలో రాబోవు ఆ ఖర్చును కూడ కొనుచున్నాడు.

కారునకు పింజపరీక్ష వంటిది లేదా? కలదు. అమ్మువాడు ఇంజనును వేడిచేసి ఉంచక పూర్వమే, ప్రాతఃకాలమున వెళ్లవలెను. చల్లని ఇంజనును ఆడించి వెనుకకు వచ్చి పొగగొట్టము చూడవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు కాలుచున్నదని అర్థము. రింగులో, వాల్వుల సీళ్లో అరిగి ఉండవచ్చును. నల్లపొగ వచ్చినచో ఇంధనము అతిగా పోవుచున్నది. ఇంజను వేడెక్కిన పిమ్మటకూడ తెల్లపొగ తగ్గనిచో చల్లబరచు నీరు లోపలికి కారుచున్నదేమో విచారింపవలెను. పిదప వంగి, కెటలిటిక్ కన్వర్టర్ ఉన్నదా, దానికి బదులు ఉత్త గొట్టము బిగించి ఉన్నదా చూడవలెను. తేనెపట్టువంటి గదులుగల ఆ పరికరములో ప్లాటినము, పల్లాడియము, రోడియము అను లోహముల పూత ఉండును. అది విషవాయువులను నీటిఆవిరిగను, బొగ్గుపులుసు వాయువుగను, నత్రజనిగను మార్చును. కాని సుమారు 300 డిగ్రీల వేడి వచ్చువరకు అది చక్కగా పనిచేయదు. ప్రయాణములో మొదటి కొన్ని నిముషములే మిక్కిలి మలినములగుటకు కారణమిదే. బడిగేటు ముందర ఇంజను ఆపుట, వీధిచివరి అంగడికి కారు తీయకుండుట ఎందుకు మంచిదో విద్యార్థులకు చెప్పుటకు ఇంతకన్న మంచి రసాయన పాఠము లేదు.

మరి ఏ బండి కొనవలెను? ఊరు మారినకొలది సమాధానము మారును. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలువారును. దానిపై వేసిన రోడ్డు అలలు తిరుగును. కనుక అడుగుభాగము నేలకు ఎత్తుగా ఉన్న చిన్నకారు మేలు. క్విడ్, ఎస్‌ప్రెస్సో వంటివి సుమారు 180 మిల్లీమీటర్ల ఎత్తుగలవి. ఆల్టో కె10 కొంత క్రిందుగా ఉన్నను తేలికయైనది, పొదుపైనది. క్రొత్తది కొనగలవారికి 2025 సెప్టెంబరు 22 నుండి 1,200 ఘనసెంటీమీటర్లకు లోబడిన, నాలుగు మీటర్లకు మించని పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గుట ఒక ఊరట. పాతది కొనువారు 2017 ఏప్రిలు తరువాతి నాల్గవ స్టేజి పెట్రోలు బండిని వెదకుట క్షేమము. ఇరువది శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు నేడు బంకులలో దొరకుచున్నది. ఇథనాలులో లీటరుకు సుమారు మూడవవంతు శక్తి తక్కువ. కనుక మైలేజి కొంత తగ్గుటయు, పాతబండ్ల రబ్బరు గొట్టములు పరీక్షింపవలసి వచ్చుటయు లెక్కలో చేర్చుకొనవలెను.

ఆరవ స్టేజి డీసెలుకార్లలో మసిని పట్టు జల్లెడ ఉండును. సుదూర ప్రయాణములలో అది వేడెక్కి మసిని తానే కాల్చివేసికొనును. ఐదారు కిలోమీటర్లు తిరుగుబండిలో మూసికొనిపోవును. కనుక దగ్గరి బడికి డీసెలు తగదు. గ్యాసుబండి పొదుపైనదే, కాని గ్యాసు నింపుచోటు దారిలోనే ఉండవలెను. విద్యుత్తు కారునకు రోజునకు 60 కిలోమీటర్లు సుళువైన పని. ఒక యూనిట్టునకు ఎనిమిది కిలోమీటర్లు నడచుననుకొన్నచో సంవత్సరమునకు 1,650 యూనిట్లు. యూనిట్టు ఎనిమిది రూపాయలైనను 13,200 రూపాయలతో సరి. తొలిధర ఎక్కువ, ఇంటివద్ద తాళము వేసిన చోటును, సరియైన ఎర్తింగును ఉండవలెను. దాని పొగ ఇక్కడ కనబడదు. విద్యుత్కేంద్రమువద్ద కొంత పుట్టును. అయినను బడివీధిలో పుట్టుట లేదు.

స్వభావముగల కారు కావలెనను కోరిక తప్పుకాదు. అంబాసిడరును ప్రేమించువాడు ఆదివారమునాడు దానిని తుడిచి, ఊరిచుట్టు ఒకమారు త్రిప్పి, లోపల పెట్టుకొనవచ్చును. సోమవారపు ప్రయాణమునకు కావలసిన స్వభావము వేరు. వానలో నిలిచిపోకుండుట, ఎమ్మిగనూరు మెకానిక్కు చేతికి లొంగుట, విడిభాగములు ఆదోనిలోనే దొరకుట, నలుగురికి చోటిచ్చుట - ఇవి దాని సుగుణములు. నలుగురు ఉపాధ్యాయులు వారమునకొకరు వంతున తమ బండి తీసినచో, 72,600 రూపాయల ఖర్చు తలకు 18,150 అగును. రోడ్డుపై నాలుగు పొగగొట్టములకు బదులు ఒకటే కదలును. ఏ కంపెనీయు అమ్మలేని మైలేజి ఇది.

నేతపనివారి సహకార సంఘముచే పేరుపొందిన ఊరు ఎమ్మిగనూరు. మాచాని సోమప్పగారు 1938లో నిలిపిన ఆ సంఘము నేర్పిన పాఠము ఒక్కటే: ఒంటరిగా మోయలేని ఖర్చును కలిసి మోయవచ్చును. ఆ పాఠము మగ్గమునకే గాక బడిదారికిని చెల్లును. కారు కొనదలచినవారు కాగితముపై ధర, పెట్రోలు, పన్ను, మరమ్మతు అని నాలుగు పద్దులు వ్రాయుదురు. అయిదవ గీత గీచి, దానిలో పొగ అని కూడ వ్రాయవలెను. ఆ గడిలోని అంకె తగ్గినకొలది పైనాలుగింటిలో మూడైనను తగ్గుటను వారే చూడగలరు.