మాస్కుతో మొదటి మాసము

గుర్రుపెట్టి నిద్రించువానిని చూచి ఎంత హాయిగా నిద్రపోవుచున్నాడో యని మురియుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న యలవాటు. కాని ఆ గురక ఉన్నట్లుండి ఆగి, పది సెకనులో, ఇరువది సెకనులో, ఒక్కొక్కప్పుడు అంతకు మించియో నిశ్శబ్దము కమ్మి, పిమ్మట ఉలికిపాటుతో కూడిన పెద్ద శ్వాసతో మరల మొదలగుచున్నచో, ఆ మనుష్యుడు హాయిగా నిద్రించుట లేదు. ఆ నిశ్శబ్దమున అతనికి ఊపిరి యాడుట లేదు. నిద్రలో కంఠమునందలి కండరములు సడలి, నాలుక వెనుకకు జారి, శ్వాసమార్గము మూసికొనిపోవును. రక్తమున ప్రాణవాయువు తగ్గును. మెదడు ఆపదను గ్రహించి నిద్రను క్షణకాలము భంగపరచి మార్గమును తెరపించును. దీనినే వైద్యులు స్లీప్ ఆప్నియా యందురు. పెద్దలలో శ్వాస ఆగుటయో, బాగుగా మందగించుటయో గంటకు సగటున 5 మార్లకు లోపుగా నున్నచో దానిని వ్యాధిగా నెంచరు. 15 మొదలు మధ్యమము, 30 దాటినచో తీవ్రము. రోగికి తెలియునది తెల్లవారినపుడు తలనొప్పియు, పగలెల్ల మగతయు, మందులకు లొంగని రక్తపోటును మాత్రమే. రాత్రి జరిగిన యుద్ధమును చూచునది ప్రక్కన పండుకొన్న భార్యయే. సింహాసనం, గ్యాంగ్ లీడర్ చిత్రముల పాటలతో తెలుగువారికి చిరపరిచితుడైన సంగీతదర్శకుడు బప్పి లహిరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో మరణించినపుడు వైద్యులు చెప్పిన కారణములలో ఈ వ్యాధియు నుండెను.

దీనికి నేడు ప్రధానచికిత్స సీప్యాప్ యను చిన్న యంత్రము. 1980కి పూర్వము తీవ్రరోగులకు కంఠముక్రింద శస్త్రముతో రంధ్రము చేసి గొట్టమమర్చుట తప్ప నమ్మదగిన ఉపాయము లేకుండెను. ఆ సంవత్సరమున ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయ వైద్యుడగు కోలిన్ సల్లివన్, ముక్కుద్వారా గాలిని స్వల్పపీడనముతో ఎడతెగక లోనికి పంపినచో కంఠము మూసికొనదని ప్రయోగపూర్వకముగా చూపి, మరుసటి యేడు ఐదుగురు రోగుల వృత్తాంతమును లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించెను. గాలిలేని సైకిలు ట్యూబు గోడలు ఒకదానికొకటి అంటుకొనియుండి, గాలి నింపగనే విడివడి నిలిచినట్లు, కంఠపు గోడలును ఆ పీడనముచే విడివడి నిలుచును, విషయమంతయు ఇంతియే. ఆ తొలినాళ్ళ యంత్రములలో వాక్యూమ్ క్లీనరు మోటార్లను వాడిరి. మాస్కును రాత్రి రాత్రికి సిలికోన్ జిగురుతో ముఖమునకు అతికించెడివారు. ఆ రోగులు అంతటి బాధకు ఓర్చుకొనిరనిన, ఒక్క రాత్రి నిండునిద్ర వారికెంతటి యపురూపమో ఊహింపవచ్చును.

కోవిడు కాలమున ఆసుపత్రులలో మాస్కులను, గొట్టములను చూచి బెదరిన మనవారు ఇంటికి సీప్యాప్ రాగానే, ఇక వీనికి ఆక్సిజను పెట్టవలసినంత విషమించినదా యని దిగులుపడుట కద్దు. ఇది ఆక్సిజను యంత్రము కాదు; గదిలోని గాలినే వడపోసి పంపును. రోగికి బదులుగా ఊపిరి తీయునదియు కాదు. ఊపిరి అతడే తీయును, యంత్రము దారిని తెరచి యుంచును. ఇక ముందుగా స్లీప్ స్టడీ యను నిద్రపరీక్ష చేయించుకొనక, ఎవరో చెప్పిరని యంత్రము కొనుట మాత్రము తగదు. ఎంత పీడనము కావలెనో, అది స్థిరముగా నుండవలెనో, అవసరమును బట్టి తానే మారుచుండవలెనో నిర్ణయింపవలసినవాడు వైద్యుడు.

నా దృఢవిశ్వాస మేమనగా, ఈ చికిత్స చెడుట అనేక పర్యాయములు యంత్రదోషము వలన గాక, మొదటి వారములలో రోగిని ఒంటరిగా విడిచిపెట్టుట వలననే జరుగుచున్నది. అమ్మినవాడు పావుగంటలో బిగించి చూపి వెడలిపోవును; ఆ రాత్రి రోగి చీకటిలో ముఖముమీద కొత్తవస్తువుతో, ముక్కులోనికి దూసికొని వచ్చు గాలితో పెనగులాడి, అర్ధరాత్రి విసిగి పీకివేయును; కొలది దినములలో యంత్రము బీరువా పైకెక్కును. ఇట్లు కాకుండవలెననిన మొదటి పరిచయము రాత్రి గాక పగలు జరుగవలెను. సాయంకాలము కుర్చీలో కూర్చుండి, పట్టీలు బిగింపకయే మాస్కును చేతితో ముఖమున కానించుకొని కొంతసేపు ఊపిరి పీల్చి చూడవలెను. మరునాడు పట్టీలు పెట్టుకొని, యంత్రము నడపుచు, వార్తలో పాటలో వినుచు మరికొంతసేపు గడపవలెను. పిమ్మట మధ్యాహ్నపు కునుకు దానితోనే తీయవలెను. ముఖము మూయబడెనను భయము వాదముతో పోదు, ఇట్టి పరిచయముతో కరగును. గాలికి ఎదురుగా ఊపిరి విడుచుట కష్టమనిపించినచో, ర్యాంప్ అను ఏర్పాటు కలదు: యంత్రము మిక్కిలి తక్కువ పీడనముతో మొదలై, నిద్రపట్టులోపల మెల్లమెల్లగా నిర్ణీతస్థాయికి చేరును.

మాస్కు విషయమున తొందరపాటు పనికిరాదు. ముక్కుపుటములకు మాత్రమే ఆనునవి, ముక్కును కప్పునవి, ముక్కును నోటిని కలిపి కప్పునవి యని అందు భేదములు కలవు. నోరు తెరచి నిద్రించువారికి కడపటిది తరచు అవసరమగును. కూర్చుండి బిగించిన మాస్కు పండుకొన్నపుడు వదులగును. కావున గాలి వచ్చుచుండగా, తన తలగడమీద తాను పండుకొనియే పట్టీలు సరిచేసికొనవలెను. గాలి కారుచున్నదని మరింత బిగించుట సహజముగా తోచును గాని, సిలికోన్ మెత్త ఉబ్బి చర్మమున కంటుకొనుటకు కొంచెము చోటుండవలెను. అతిగా బిగించినచో కారుట హెచ్చును, ముక్కుదూలము పుండుపడును. దట్టమైన మీసము, గడ్డము, రాత్రివేళ ముఖమున రాచుకొన్న నూనె కూడ గాలిని కారనిచ్చును. అయితే మాస్కుముందరి సన్నని రంధ్రములనుండి గాలి వచ్చుట లోపము కాదు. విడిచిన ఊపిరి బయటపడుటకై ఆ రంధ్రములు చేయబడినవి, వానిని మూయరాదు. కరెంటు పోయిన నేమగునని భయపడువారు పెక్కురు. నోటిని ముక్కును కప్పు మాస్కులలో, గాలి ఆగినపుడు బయటిగాలికి దారి తెరచు కవాట ముండును. అయినను కోతలున్న ఊళ్ళలో ఇన్వర్టరుకు తగిలించుకొనుట మేలు.

నోరు, గొంతు ఎండుచున్నచో యంత్రముతోడి నీటిడబ్బీ ఉపకరించును. అందు డిస్టిల్డ్ వాటరు పోయవలెను. బోరునీరు పోసినచో సున్నపుపెచ్చు కట్టును. మిగిలిన నీటిని ప్రతి యుదయము పారబోయవలెను, మాస్కును తేలికపాటి సబ్బునీటితో కడుగవలెను. ఏసీ గదిలో గొట్టము చల్లబడి లోపల నీటిబొట్లు కట్టి ముఖమున చిందినచో, తేమను తగ్గించి, యంత్రమును మంచముకంటె పల్లముగా నుంచవలెను. గాలి కడుపులోనికి పోయి ఉబ్బరించుచున్నచో ఆ మాట వైద్యునితో చెప్పవలెను. పీడనమును మార్చి చూచును.

అందరికంటె ఎక్కువగా హెచ్చరింపవలసినది, రాత్రి రెండుగంటలకు మాస్కు తీసివేసి, నాలుగుగంటలు పెట్టుకొంటిమి గదా యని తృప్తిపడువారిని. కలలు వచ్చు నిద్ర తెల్లవారుజామున హెచ్చుగా నుండును. ఆ నిద్రలోనే కండరములు మిక్కిలి సడలి, పెక్కురకు శ్వాసభంగములు ఎక్కువసేపు నిలుచును. అనగా రాత్రిలో యంత్రము మిక్కిలి అవసరమైన భాగమందే దానిని తొలగించుచున్నారు. 2016లో వెలువడిన సేవ్ యను అంతర్జాతీయ పరిశోధనలో 2,700కు మించిన హృద్రోగులను, పక్షవాతరోగులను పరిశీలింపగా, యంత్రమిచ్చిన వారిలో గుండెపోటు మొదలగునవి తగ్గినట్లు తేలలేదు; పగటిమగత తగ్గి మనస్సు తేలికపడుట మాత్రము కనబడెను. కాని ఆ రోగులు యంత్రమును వాడినది రాత్రికి సగటున 3.3 గంటలే. ఈ చికిత్సనుండి ఏమి ఆశింపవచ్చునో నిజాయితీగా తెలిసికొనవలెననిన, పై రెండు మాటలను కలిపి చదువవలెను. కొందరికి మొదటి దినములలోనే, చిరకాలము కోల్పోయిన స్వప్ననిద్ర వెల్లువవలె వచ్చి, మరునాడు లోకమే కొత్తగా తోచును. కొందరికి వారములు గడచినను మార్పు తెలియదు. ఈ రెండవవారు నిరాశపడక, యంత్రము తనలో వ్రాసికొన్న లెక్కలను, అనగా నిద్రించిన గంటలు, గాలికారుట, ఇంకను మిగిలిన శ్వాసభంగముల సంఖ్య, వైద్యునికి చూపవలెను. ఆ సంఖ్య 5కు లోబడి యున్నను మగత పోనిచో కారణము మరియొకటి యేమో అతడు వెదకును.

పెండ్లిండ్లకు, తీర్థములకు పోవునపుడు పదిమంది నడుమ మాస్కు పెట్టుకొనుటకు సిగ్గుపడి యంత్రమును ఇంట విడిచిపోవుట మనలో తరచు జరుగును. బంధువులే ముందుగా, దానికి స్విచ్చుబోర్డు దగ్గర చోటు చూపినచో ఆ సిగ్గు సగము తీరును. ప్రయాణమునకు ముందు నీటిడబ్బీని ఖాళీచేసి, విమానమందైనచో యంత్రమును చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. ఏ చిన్న శస్త్రచికిత్సకైనను ఆసుపత్రికి పోవునపుడు దానిని వెంట తీసికొనిపోయి, మత్తుమందిచ్చు వైద్యునికి ఈ వ్యాధిసంగతి మొదటనే చెప్పవలెను. ఏలయన మత్తుమందు కంఠపు కండరములను నిద్రకంటె మిక్కుటముగా సడలించును.