పాతజీపు ఇంజనునకు బలము చేకూర్చుట

చోడవరమునుండి పాడేరు కనుమ యెక్కునపుడు పాతజీపు రొప్పుచున్నదనియు, ఇంజనునకేదైన మార్పు చేయింపవలెననియు మన సంఘసభ్యులు పలువురు నన్నడుగుచున్నారు. డబ్బు వెచ్చించుటకు ముందు ఒక సంగతి తెలిసికొనుడు.

1941లో వచ్చిన విల్లీసు జీపు ఇంజను బలము 60 గుఱ్ఱములు. 1953లో వెలువడినదియు, పిదప మహీంద్రావారు మన దేశమున తయారుచేసినదియు నగు సీ.జే. 3బీ ఇంజనునకు 70కి పైబడినది. సిలిండరు కొలతలు రెంటికి నొక్కటే: వ్యాసము 3⅛ అంగుళములు, పిస్టను నడక 4⅜ అంగుళములు. మఱి హెచ్చు బలమెక్కడిది? మొదటిదానిలో గాలియు పెట్రోలును ప్రక్కనుండు వాల్వుగుండ వంకరదారిన లోనికి పోవును. రెండవదానిలో ఆ వాల్వు పెద్దదై పైకెక్కినది; ఊపిరి ధారాళమైనది. అయినను పాత బ్లాకుపై క్రొత్త హెడ్డు బిగింప వీలులేదు, బ్లాకే వేఱు. పాత హెడ్డునకు ఫేసింగు చేయించి కంప్రెషను కొంత పెంచవచ్చును. మితిమీరినచో వాల్వునుండి సిలిండరునకు పోవు దారి యిఱుకై, ఉన్న ఊపిరియు తగ్గును.

నేను చూచిన జీపులలో చాలవాటికి కావలసినది మార్పు కాదు, మరమ్మతు. ప్లగ్గులన్నియు తీసి ప్రతి సిలిండరు కంప్రెషనును గేజితో కొలిపింపుడు. తక్కువగానున్న దానిలో చెంచాడు ఇంజనునూనె పోసి మరల కొలువుడు. పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగనిచో వాల్వులు సరిగా కూర్చుండుటలేదు, లేదా హెడ్డు గాస్కెట్టు చెడినది.

నేనెఱిగిన రైతొకరు ఈ పరీక్ష చేయింపకయే డీసెలు ఇంజను పెట్టించిరి. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము అట్టి మార్పునకు రిజిస్ట్రేషను అధికారి అనుమతి కావలెను. అది లేనందున సంతకు పోవలసిన బండి నెలదినములు పాకలో నిలిచెను.

ఇంకొకటి. మన చెఱకునుండి కూడ తీయు ఇథనాలు ఇప్పటి పెట్రోలులో కలియుచున్నది. చెఱకు రైతునకది మేలే గాని, పాతజీపు రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపులోని పొరను చెఱచును. వానిని మార్పించిన పిదపనే కనుమ యెక్కుడు.