సగమును మూడవవంతును

మామిడికాయల లారీలు గుజ్జు ఫ్యాక్టరీల ముంగిట బారులు తీరియుండు ఆషాఢమున, చిత్తూరు సమీపమునందలి యొక ప్రభుత్వ పాఠశాలలో, ఎనిమిదవ తరగతి బాలిక యొకతె టాబుపై సగమును మూడవవంతును కూడి ‘రెండు బై ఐదు’ అని వ్రాసెను. యంత్రము విసుగుకొనలేదు. పై అంకెలను పైవానితోను, క్రింది అంకెలను క్రిందివానితోను కలిపివేసినదని పసిగట్టి, ఆ తప్పు మొలకెత్తిన ఐదవ తరగతి పాఠమునకు ఆమెను మరలించెను. మన ప్రభుత్వ పాఠశాలలు కొన్నింట ‘పాల్’ అని వ్యవహరించు పద్ధతి ఇదియే. నిండు తరగతిలో ఒక్కొక్క బిడ్డ తప్పును ఇంత ఓర్పుతో వెదకుట ఏ ఉపాధ్యాయునికిని శక్యము కాదు గనుక, దీనిని నేను మహోపకారముగా నెంచుచున్నాను.

అయితే ఈ ఓర్పు అంగడి సరకైన పిమ్మట దాని గతి వేరు. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ గలదని కీర్తింపబడిన బైజూస్ సంస్థ పాఠములు నింపిన టాబులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ యేడు డిసెంబరు 21న పంచ నారంభించెను. అంతకు మూడు వారములు ముందే, నవంబరు 30న, చాట్‌జీపీటీ వెలువడెను. బైజూస్ 2024 జులైలో దివాలా విచారణకు లోనయ్యెను. హోంవర్కు జవాబులమ్మి బ్రదికిన అమెరికా సంస్థ చెగ్, చాట్‌జీపీటీ వలన క్రొత్త చందాదారులు తగ్గుచున్నారని 2023 మేలో ఒప్పుకొనగా, దాని షేరు ఒక్క దినముననే దాదాపు సగము పడిపోయెను. జవాబు ఉచితమైన నాడు అమ్ముకొనుటకు మిగులునది బిడ్డ కాలమే. ఒక్కరోజు మానినచో ఇన్నాళ్ల వరుస తెగిపోవునని బెదిరించు లెక్కలను, పడుకొనువేళ మ్రోగు నోటిఫికేషన్లను, పిల్లల నిద్రను దొంగిలించు అట్టి యుక్తులను, నేను బోధన అనజాలను.

ఆ బాలిక తరువాతి నాలుగు లెక్కలును తప్పినది. నిద్రలేమియు అజ్ఞానమును యంత్రమున కొక్కటియే కాన, అది ఆమెను ఇంకను క్రింది తరగతికి దింపెను. అయ్యవారు మాత్రము టాబు మూసి, “ఏం పాపా, రాత్రి నిద్ర పోలేదా?” అని యడిగిరి.

“అమ్మ రాత్రి ఫ్యాక్టరీ పనికి పోయింది సార్, తమ్ముణ్ణి నేనే చూసుకుంటి.”

బల్లపై తలవాల్చి అరగంట పడుకొననిచ్చి, లేచిన పిమ్మట ఆయన తోతాపురి పండు నొకదానిని ఆరు చీలికలుగా కోసి ఆమె ముందుంచిరి. బాలిక సగమునకు మూడును, మూడవవంతునకు రెండును విడదీసి, “ఆరింట్లో ఐదు సార్” అని చెప్పి, మిగిలిన చీలికను తమ్మునికై కాగితమున చుట్టుకొనెను.